మూడో ఫ్లాస్కు

ఆ ఎండాకాలం మా ఇంట్లో కుర్చీలకు పని లేకుండా పోయింది. మావాడు వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగేవాడు. కోడలు వంటింట్లోకి దేనికో వెళ్లి, దేనికి వెళ్లిందో మరిచిపోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చేది. వాళ్లిద్దర్నీ చూసి మా ఆవిడ కాలు కాలిన పిల్లిలా తిరిగేది. బతుకంతా లారీ సీటుకు అతుక్కుని కూర్చున్నవాణ్ణి, నాకే కూర్చోబుద్ధి కాలేదంటే ఇక చూసుకోండి.

దీనికంతటికీ కారణం ఒక ఆకు. అరచేయంత ఆకు.

ఈ మాట అంటే, ముసలాడు మళ్లీ కోతలు మొదలుపెట్టాడంటారు. నేను కోతలరాయుణ్ణే, కాదనను. నా లారీ ఎంత ముసలిదంటే, ఎత్తు వచ్చినప్పుడు నేనూ క్లీనరూ జాలిపడి దిగిపోయేవాళ్లం. అది ఒంటరిగా పైదాకా ఎక్కి, మేం వచ్చేదాకా రోడ్డు పక్కన ఆగి రొప్పుతూ ఉండేది. ఈ సంగతి మీరు నమ్మక్కర్లేదు. ఆకు సంగతి మాత్రం నమ్మాలి.

మావాడూ కోడలూ ఇద్దరిదీ మొక్కల పరిశోధనశాలలో ఉద్యోగం. కొండల మీద పెరిగే ఒక చేదు పొద ఉంది. దాని వేరులో గుండె దడకు పనికొచ్చే మందు తయారవుతుంది. కాస్త మందు కావాలంటే మొత్తం పొదను వేళ్లతో పెకలించాలి. అలా పెకలించి పెకలించి కొండలు బోడి తలలయ్యాయి. ఆ మందును కొండ మీద కాకుండా, కుండీలో పెరిగే మొక్క ఆకులో తయారుచేయించాలని వీళ్ల తాపత్రయం.

“అదెలా అవుతుందమ్మా? మామిడిచెట్టును బతిమాలితే జామకాయ కాస్తుందా?” అన్నాను ఒకరోజు కోడలితో.

“బతిమాలితే కాయదు మామయ్యా. పనివాళ్లను మార్చాలి,” అంది. “ఆ వేరులో ఒక కార్ఖానా ఉందనుకోండి. వరసగా ఐదుగురు పనివాళ్లు. మొదటివాడు చేసి ఇచ్చింది రెండోవాడు అందుకుని ఇంకొంచెం మారుస్తాడు. వాడిచ్చింది మూడోవాడు. అలా ఐదోవాడి చేతిలో మందు తయారవుతుంది. ఒక్కొక్క పనివాణ్ణి పుట్టించేది ఒక్కొక్క జీన్. ఆ జీన్లను తెచ్చి ఈ పొగాకు జాతి మొక్క ఆకులో పెడితే, పనివాళ్లు ఇక్కడే పుట్టి ఇక్కడే పనిచేస్తారు.”

“మరి ఐదుగురూ దొరికారా?”

“నలుగురు. నాలుగోవాడు నావాడు.”

ఆ మాట అన్నప్పుడు దాని ముఖం చూడాలి. కడుపున పుట్టినవాణ్ణి బడిలో చేర్పించిన తల్లి ముఖం.

“వేల జీన్లున్నాయంటారు గదా, వాటిల్లో వీడే నాలుగోవాడని ఎలా పట్టావు?”

“వేరుకు దెబ్బ తగిలితే మొదటి ముగ్గురూ ఒకేసారి నిద్ర లేస్తారు మామయ్యా. ఒకేసారి పడుకుంటారు. వాళ్లతోపాటు లేచి, వాళ్లతోపాటు పడుకునేవాడు ఇంకెవడా అని వెతికాను. మూడేళ్లు పట్టింది.”

ఇది నాకు తేలిగ్గానే ఎక్కింది. తెల్లవారుజామున లారీల అడ్డాలో ఎవరెవరు ఒకే వేళకు తలగుడ్డ చుడుతున్నారో చూస్తే చాలు, ఎవరెవరిది ఒకే లోడో తెలిసిపోతుంది.

అయితే ఆ అడ్డాకు ఒక మేస్త్రి ఉంది. పరిశోధనశాలలో వీళ్ల మీద అధికారి. చిటికెడు ఉప్పునైనా తూచిగాని వాడదని నేనామెకు తక్కెడమ్మ అని పేరు పెట్టాను. ఆమె మొహమాటం లేకుండా చెప్పేసింది. ఈ ఎండాకాలం ముగిసేలోగా నాలుగో జీన్ పనిచేస్తోందని ఆకులో చూపించాలి. చూపించలేకపోతే ఆ దారి మూసేస్తారు. ఆ దారి మూస్తే మా కోడలికి అక్కడ కుర్చీ లేదు. మూడో జీన్ మావాడిది, అది ఎప్పుడో పనిచేసింది కనుక వాడి కుర్చీకి ఢోకా లేదు.

మొగుడూ పెళ్లామూ పక్కపక్క జీన్లు. వాడు చేసిచ్చింది ఇది అందుకోవాలి. ఇది అందుకోలేదంటే, ఇవ్వడంలో వాడి లోపమా, పుచ్చుకోవడంలో దీని లోపమా? ఆ ప్రశ్న పొద్దున పరిశోధనశాలకు వెళ్లేది, సాయంత్రం వాళ్లతోపాటు మా ఇంటికి వచ్చేసేది.

అద్దాల ఇంట్లో కుండీలకు నీళ్లు పోసే మనిషి ఆ కాలమంతా సెలవు పెట్టాడు. ఆ పనికి నన్ను కుదిర్చారు. అదేం వేడి నాయనా. కుండీలో నీళ్లు పోస్తుంటే మొక్కకంటే ముందు గాలి తాగేసేది. నా మీసం ఎండి గుచ్చుకునేది.

కలిపే రోజున ఒక తంతు ఉండేది. జీన్లను ఆకులోకి మోసుకెళ్లేది ఒక మట్టి సూక్ష్మజీవి. ఒక్కొక్క జీన్‌కు ఒక్కొక్క ఫ్లాస్కు, అందులో బియ్యం కడిగిన నీళ్లలాంటి మబ్బు ద్రవం, ఆ మబ్బంతా సూక్ష్మజీవులే. ఎవరి ఫ్లాస్కు వాళ్లే పెంచుకోవాలి. దాని చిక్కదనం వాళ్లే కొలిచి, కొలత ఒకటికి తెచ్చి, బల్ల దగ్గర నోటితో చెప్పాలి. ఇంకొకళ్లు దాన్ని మళ్లీ కొలవడం అక్కడ మర్యాద కాదు. అంతా మాట మీద నడిచే పద్ధతి.

“ఒకటీ రెండూ నావి. రెండూ ఒకటికి తెచ్చాను,” అనేది తక్కెడమ్మ.

“మూడు. ఒకటి,” అనేవాడు మావాడు.

“నాలుగు. ఒకటి,” అనేది కోడలు.

నాలుగూ సమానంగా ఒక గాజు గిన్నెలో పోసి కలిపేవాళ్లు. సూది లేని సిరంజిలోకి ఆ నీళ్లు ఎక్కించి, ఆకును తిరగేసి, ఈనెల మధ్య ఆనించి మెల్లగా నొక్కేవాళ్లు. లోపల తడి పాకుతుంటే, లేత ఆకుపచ్చ మీద ముదురు మరక పెద్దదవుతూ పోయేది. వాన చినుకు చొక్కా మీద విచ్చుకున్నట్టు. కొన్నాళ్లు ఆగి ఆ ఆకు కోసి, నూరి, రసం తీసి యంత్రానికి పెట్టేవాళ్లు. యంత్రం కాగితం మీద కొండలు గీసేది. ఫలానా చోట కొండ లేస్తే నాలుగోవాడు పనిచేసినట్టు.

మొదటిసారి ముదురాకులు దొరికాయి. ఎవరి కొండా సరిగా లేవలేదు. సరే, ఆకులది తప్పన్నారు. రెండోసారి లేతవి ఏరి చేశారు. ఒకటోవాడు లేచాడు, రెండోవాడు లేచాడు, మూడోవాడు ఉన్నాడా లేడా అన్నట్టు తల చూపాడు. నాలుగోవాడి చోట బల్లపరుపు. పైగా ఆకులు మచ్చలు పడి పసుపెక్కాయి.

“నీళ్లు ఎక్కువయ్యాయేమో పెద్దాయనా?” అంది తక్కెడమ్మ నన్ను చూసి.

“నేను పోసిన నీళ్లు మొక్కదాకా చేరితేగా మేడం. దారిలోనే ఆవిరి,” అన్నాను. ఆమె నవ్వలేదు. కుండీ మట్టిని వేళ్లతో నలిపి చూసి వెళ్లిపోయింది.

మూడోసారీ అంతే. నాలుగోసారీ అంతే.

ఇల్లు ఇల్లులా లేదు. ఫ్యాను కింద నిలబడితే ఫ్యాను చప్పుడు చిరాకు, ఆపితే ఉక్క. కోడలు స్నానం చేసి వచ్చి మళ్లీ స్నానానికి వెళ్లేది. మావాడు అర్ధాకలితో లేచిపోయేవాడు. కాస్త నవ్విద్దామని ఒక సాయంత్రం భోజనాల దగ్గర నేనొక కథ ఎత్తుకున్నాను.

“ఒకసారి మా కంపెనీలో ఒకే లారీకి నలుగురు డ్రైవర్లను వేశారు. ఒకడు స్టీరింగు, ఒకడు గేరు, ఒకడు బ్రేకు, ఒకడు హారను. ఎవరి పని వాళ్లదే, పక్కవాడి జోలికి పోకూడదు. బండి బ్రహ్మాండంగా కొండెక్కింది. దిగేటప్పుడు చూస్తే ఏముంది, బ్రేకువాడు నిద్రపోయాడు. హారనువాడు పాపం ఊరు దాటేదాకా మోగిస్తూనే ఉన్నాడు.”

మా ఆవిడ ఒక్కతే నవ్వింది, అదీ పాత బాకీ తీర్చినట్టు.

“నిద్రపోయేవాడు ఎప్పుడూ ఆఖరివాడే నాన్నా,” అన్నాడు మావాడు కంచంలోకి చూస్తూ. తమాషాకే అన్నాడు. గొంతులో తమాషా రాలేదు.

కోడలు ముద్ద ఆపింది. “ఆఖరివాడి చేతికి ఏదైనా అందితేగా మెలకువగా ఉండేది. మూడోవాడు ఇచ్చాడో లేదో ఎవరు చూశారు?”

“మూడోవాడు ఇస్తున్నాడు.”

“కొండేది మరి? కాగితం మీద చీమంత ఉంది.”

“నావాడు పోయినేడే పనిచేసి చూపించాడు. అందరూ చూశారు.”

“నావాడు పనిచేయనట్టేనా అయితే?”

“నేనలా అనలేదు.”

“ఇప్పుడు అన్నావుగా.”

“ఏమిటర్రా ఈ నావాడు నావాడన్న గోల?” అంది మా ఆవిడ. “వినేవాళ్లు పిల్లలనుకుంటారు. అన్నాలు తినండి ముందు.”

ఎవరూ తినలేదు. కోడలు వెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది. మావాడు వరండాలో చెప్పుల చప్పుడు మొదలుపెట్టాడు. నేను చెయ్యి కడుక్కుంటుంటే మా ఆవిడ దగ్గరకొచ్చి, “ఇంకెప్పుడైనా భోజనాల దగ్గర లారీ తీశారంటే టైర్లు కోసేస్తాను,” అంది మెల్లగా.

ఆ తర్వాత కోడలు మాటలు తగ్గించింది. పొద్దున్నే వెళ్లేది, పొద్దుపోయాక వచ్చేది. ఇంక ఒక్కసారే కలపడానికి అవకాశం ఉందనీ, ఆ తర్వాత కుండీలు ఎత్తేస్తారనీ నాకు అద్దాల ఇంట్లోనే తెలిసింది. కుండీల పక్కన నడుస్తూ ప్రతి ఆకునూ తిరగేసి చూసేది. ఆకు ఏం చెబుతుంది? పసుపు మచ్చలు చూపించేది, అంతే.

ఆఖరిసారి కలపడానికి ముందురోజు సాయంత్రం, మేం భోజనాలకు కూర్చునేసరికి, ఇంకా వెలుగుండగానే వచ్చేసింది. చెప్పులు విడవకుండానే లోపలికొచ్చి, సంచిలోంచి కాగితం తీసి కంచాల మధ్య పరిచింది. మొగుడితో మాటలు మానేసిన మనిషి నేరుగా వాడి ముందే పరిచింది.

“చూడు. మనం ఎప్పుడూ ఈ చోటే చూస్తున్నాం గదా. ఇవాళ ఊరికే చివరిదాకా చూశాను. ఇక్కడ, అసలు ఏదీ ఉండకూడని చోట, ఇంత కొండ.”

నాకూ కనిపించింది. మిగతావి పుట్టలైతే అది నిజంగా కొండే.

“ఏమిటది?” అన్నాడు మావాడు.

“నేనూ అదే అనుకున్నాను. చక్కెరను కొరికేసే ఎంజైము వేసి చూశాను. కొండ విరిగిపోయింది. లోపలనుంచి ఏం బయటపడిందో తెలుసా? నీదే. మూడోవాడు చేసిన సరుకే. ఈ ఆకు దానికి చక్కెర అతికించి, కణంలోపలి నీటి సంచిలోకి నెట్టేసింది.”

“చక్కెర ఎందుకమ్మా?” అన్నాన్నేను.

“ఈ ఆకుకు అది కొత్త సరుకు మామయ్యా. కొంచెం కొంచెంగా వస్తే పక్కవాడు అందుకుంటాడు, గొడవ లేదు. ఒక్కసారి కుప్పలుగా వచ్చి పడితే ఆకు దాన్ని విషమనుకుంటుంది. చక్కెర పూత పూసి మూల గదిలో పడేస్తుంది. పూత పడ్డాక నాలుగోవాడు దాన్ని పట్టుకోలేడు.” మళ్లీ మొగుడి వైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత దాని ముఖం వెలిగింది. “అంటే నీవాడు పనిచేయకపోవడం కాదు. అతిగా చేస్తున్నాడు. ఎందుకో తెలియట్లేదు. అందరం ఒకటికే తెస్తున్నాం. ఒకటికి ఇంత కుప్ప రాకూడదు.”

మావాడి చేతిలో ముద్ద అలాగే ఉంది. నోటిదాకా పోలేదు, కంచంలోకీ దిగలేదు.

“రేపు నేను పలచన చేసి తెస్తాను,” అన్నాడు.

కోడలు కాగితం మడతపెట్టబోతూ ఆగింది.

“ఇన్నాళ్లూ ఎంత చిక్కగా తెచ్చావు?”

ఫ్యాను తిరుగుతోంది. మా ఆవిడ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

“రెండుకు,” అన్నాడు. “మొదటిసారి ఏమీ రాలేదు గదా. నీకు తక్కువ పడుతోందేమో అనుకున్నాను. నీకు ఎంత కావాలన్నా సరిపోయేలా నావైపునుంచి కాస్త ఎక్కువ...”

“నాకు తక్కువ పడుతుందని నీతో ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు.”

“నేనడిగానా?”

“లేదు.”

“నావాడికి చేతకాదనుకున్నావు. అందుకే పోశావు.” గొంతు పెంచలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. “పైగా ఆ రోజు ఆఖరివాడు నిద్రపోయాడన్నావు.”

అంతే. చెప్పులు ఇంకా విడవలేదేమో, వాటితోనే పెరట్లోకి వెళ్లింది. మా ఆవిడ వెనకాలే వెళ్లింది.

మావాడు వరండాలోకి వస్తే నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. వీధిలో ఇంకా వెలుతురుంది. ఎదురింటి కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది, వేసేవాళ్లు లేరు.

“రేపు సరిగ్గా ఒకటికి తెస్తాను నాన్నా. కొండ లేస్తుంది. తన ఉద్యోగం నిలబడుతుంది. ఎవరికీ తెలియక్కర్లేదు.”

“లేవకపోతే?”

“లేస్తుంది.”

“లేచిందే అనుకో. నాలుగుసార్లు తప్పి ఒకసారి లేచినవాణ్ణి మీ తక్కెడమ్మ ఏమంటుంది?”

వాడు ఎదురింటి కిటికీ రెక్క వైపు చూశాడు.

“ఒరే, నేనూ అబద్ధాలు చెప్తాను,” అన్నాను. “నా అబద్ధం విన్నవాడు నవ్వుకుంటూ తనింటికి పోతాడు. నీ అబద్ధం విన్నవాళ్లు నీ పెళ్లాన్ని ఇంటికి పంపిస్తున్నారు.”

వాడు ఆ చివరికి నడిచాడు. ఈ చివరికి వచ్చాడు. వెళ్లి పడుకోమందామనుకున్నాను గాని, పడుకుని ఏం చేస్తాడు?

మర్నాడు ముగ్గురం కలిసే వెళ్లాం, కలిసి అంటే ఒకరి వెనక ఒకరం. కోడలు ముందు, మావాడు వెనక, మధ్యలో నేను, రెండు ఊళ్ల మధ్య టోల్‌గేటులాగా. దారిలో కోడలు ఒక్కసారీ వెనక్కి చూడలేదు. తను చెబుతుందా, చెప్పదా అన్నది నాకంతు పట్టలేదు.

అద్దాల ఇంట్లో బల్ల దగ్గర తక్కెడమ్మ అప్పటికే నిలబడి ఉంది. నేను బకెట్టు నింపుతున్నట్టు నటిస్తూ కుళాయి తిప్పి, మాటలు వినబడక మళ్లీ కట్టేశాను.

“ఒకటీ రెండూ, ఒకటికి తెచ్చాను,” అంది ఆమె.

మావాడు ఫ్లాస్కు బల్ల మీద పెట్టాడు. చెయ్యి తియ్యలేదు.

“మూడు. ఇవాళ ఒకటి,” అన్నాడు. “పోయిన మూడుసార్లూ రెండుకు తెచ్చాను మేడం. ఒకటని చెప్పాను.”

ఆమె వాడి వైపు చూడలేదు, ఫ్లాస్కు వైపు చూసింది. తర్వాత కోడలి వైపు.

“నీకు తెలుసా?”

“నిన్న తెలిసింది.”

“చెప్పమని నువ్వన్నావా?”

“లేదు మేడం.”

“చెప్పకపోతే నువ్వు చెప్పేదానివా?”

కోడలు తన ఫ్లాస్కును రెండు చేతులతో పట్టుకుని ఉంది. “తెలీదు మేడం,” అంది.

తక్కెడమ్మ అరుస్తుందనుకున్నాను. అరిచే మనిషైతే బాగుండేది. చేతి తొడుగులు తీసి, మళ్లీ తొడుక్కుంది. “ఈ కాలమంతా ఒక తప్పు లెక్క మీద మొక్కలు పెంచామన్నమాట,” అంది. మావాడి ఫ్లాస్కును వేలితో కోడలి వైపు జరిపింది. “ఇకనుంచి మూడోది కూడా నువ్వే పెంచు. ఇప్పుడు దీన్ని నా ముందు కొలిచి పొయ్యి.” మావాడితో, “వేర్లు కడిగే షెడ్డులో మనిషి లేడు. అక్కడికి వెళ్లు,” అంది.

వాడు వెళ్లాడు. పోతూ అద్దం తలుపు సరిగా వేశాడో లేదోనని వెనక్కొచ్చి మరీ చూశాడు.

ఆ కొద్ది రోజులూ మా ఇంట్లో వాళ్లవి ఎవరి గడియారం వాళ్లదే. వాడు గోళ్లలో మట్టితో, మోచేతుల దాకా వేరు మరకలతో వచ్చేవాడు. ఎంత రుద్దినా చేదు వాసన పోయేది కాదు. కోడలు అక్కడ పెంచేది వాడి ఫ్లాస్కునే, ఇంట్లో మాత్రం వాడితో మాట లేదు. నేను కుండీలకు నీళ్లు పోస్తూ ఆకుల మీద పసుపు మచ్చల కోసం వెతికేవాణ్ణి. రాలేదు. రాలేదని ఇంట్లో చెప్పడానికి భయం. దిష్టి తగులుతుందని మా ఆవిడ, అత్యాశ పుడుతుందని నేను.

ఆకులు కోసిన మర్నాడు అందరం భోజనాలకు కూర్చున్నాక కోడలొచ్చింది. చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చుంది. ఎవరూ అడగలేదు. అడగడానికి నా నాలుక దురద పెడుతోంది, మా ఆవిడ కళ్లతోనే టైర్లు కోసింది.

“లేచింది,” అంది కోడలు చివరికి. “చిన్నదే. కానీ ఆ చోటే.”

మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేనేదో గొప్ప మాట అందామని వెతుక్కుంటే, జీవితంలో మొదటిసారి ఒక్కటీ దొరకలేదు. మావాడు కంచంలో వేళ్లతో గీతలు గీస్తున్నాడు. వాడి చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కోడలు నాలుగు ముద్దలు తింది. తర్వాత కంచంతో చెప్పినట్టు చెప్పింది.

“ఐదోవాణ్ణి వెతకమన్నారు. పచ్చి వేర్లు కావాలి. కడిగేటప్పుడు గీరకూడదు, గీరితే అందరూ ముందే లేచి కూర్చుంటారు.”

షెడ్డులో వేర్లు కడిగేవాడు ఒక్కడే. ఆ మాట ఎవరికో తెలియడానికి వాడికి కాస్త సమయం పట్టింది.

“గీరను,” అన్నాడు. “ఎన్ని కావాలి?”

“అడిగినన్ని.”

వాడు తలూపాడు. మంచినీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు.

“ఎన్ని అడుగుతావు?”

కోడలు తలెత్తి, అన్నాళ్లకు వాడి ముఖంలోకి చూసింది.

“రేపు చెప్తాను,” అంది.